పక్క మూట

హోసూరు బజారులో జయలక్ష్మమ్మ పప్పుల అంగడికి మంచి పేరుంది. ఆ అంగడి ఉలవల్లో రాయి ఉండదు, పెసల్లో పురుగు ఉండదు. భర్త పోయినాక కొడుకు ద్వారకనాథ్‌ను గల్లా దగ్గర కూర్చోబెట్టినా, సరుకు సంగతి మాత్రం ఆమె చేతుల్లోనే ఉండేది. ఏ మూటలోనైనా ఒక్క ముక్కుపురుగు కనబడితే చాలు, దానితో పాటు దాన్ని ఆనుకొని ఉన్న మూటలన్నీ ఎండకు మిద్దె మీదికి చేరాల్సిందే. పక్క మూటలు బాగానే ఉన్నాయి కదా అని కొడుకు గొణిగినా ఆమె వినిపించుకునేది కాదు.

తొంభైల చివర ఒక ఎండాకాలం పొద్దున అత్తాకోడళ్లు మిద్దె మీద పెసలు ఆరబోస్తుండగా, ఎదురింటివాళ్లు సీమంతానికి పిలవడానికి వచ్చారు. జయలక్ష్మమ్మకు నోటిమాటగా చెప్పారు. పక్కనే చేట పట్టుకొని నిలబడిన కోడలు కస్తూరికి బొట్టు పెట్టకుండానే దాటుకొని మెట్లు దిగిపోయారు. మరిచిపోయి కాదు. కస్తూరికి మొదటి గర్భం ఆరో నెలలో పోయింది, రెండోసారి బిడ్డ ప్రాణం లేకుండా పుట్టింది. అలాంటి మనిషి చేయి నిండు గర్భిణి మీద పడకూడదని ఆ వీధి నమ్మకం. జయలక్ష్మమ్మ కూడా అదే నమ్మే మనిషి కాబట్టి నోరెత్తలేదు. కస్తూరి తల వంచుకొని పెసలు చెరుగుతూ ఉండిపోయింది.

ఇంట్లో అంతకంటే పెద్ద మాటే నడుస్తోంది. కృష్ణగిరి పక్కన కావేరిపట్టణంలో ఉండే జయలక్ష్మమ్మ చెల్లెలు కాంతమ్మ అప్పటికే ఒక పిల్లను చూసిపెట్టింది. కస్తూరి గర్భసంచిలో లోపముందని డాక్టరు ఒక్క మాట అంటే చాలు, ఆమెను పుట్టింటికి పంపించి ద్వారకనాథ్‌కు మళ్లీ పెళ్లి చేయాలని అక్కాచెల్లెళ్లు అనుకున్నారు. ఆ మాటలు జరిగినప్పుడు ద్వారకనాథ్ అక్కడే ఉన్నాడు. ఔననలేదు, కాదనలేదు.

తీరా కస్తూరికి రక్తపరీక్ష చేయించిన హోసూరు డాక్టరు గర్భసంచి మాటే ఎత్తలేదు. సుఖవ్యాధుల క్లినిక్కుకు చీటీ రాసిచ్చి, భార్యాభర్తలిద్దరూ వెళ్లాలన్నాడు. జయలక్ష్మమ్మ ఆ చీటీని కొంగున ముడేసుకుంది. ఆ క్లినిక్కు హోసూరులోనూ ఉంది గాని, ఊరివాళ్లు చూస్తే అంగడి పరువేం కాను? పైగా నిక్షేపంలాంటి కొడుకుకు ఆసుపత్రి ఎందుకు? ఆమె కోడలిని మాత్రం వెంటబెట్టుకొని కృష్ణగిరి బస్సెక్కింది.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. ఇలాంటి జబ్బులకు హోసూరువాళ్లు కృష్ణగిరికి పోతే, కృష్ణగిరివాళ్లు హోసూరుకు వచ్చేవాళ్లు. రెండు ఊళ్ల పరువూ బస్సుల్లో ఎదురెదురుగా ప్రయాణం చేస్తూ ఉండేది. ఆ రోజు కృష్ణగిరి ఆసుపత్రి వరండాలో, బెంచీ మీద, హోసూరు బట్టల అంగడి సుబ్బరాయప్ప పేపరు ముఖానికి అడ్డం పెట్టుకొని కూర్చొని ఉన్నాడు. జయలక్ష్మమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఒకరినొకరు చూడనట్టు ఉండటానికి ఇద్దరూ చాలాసేపు అవస్థపడ్డారు.

లోపల డాక్టరమ్మ భువన చీటీ చూసి, కాస్త తమిళంలో, కాస్త తెలుగులో విషయం విడమరిచి చెప్పింది. దీన్ని సిఫిలిస్ అంటారనీ, పల్లెల్లో సవాయి అంటారనీ, కలయిక వల్ల ఒకరి నుంచి ఒకరికి అంటుతుందనీ చెప్పింది. మొదట నొప్పి లేని పుండొకటి లేచి, దానంతటదే మానిపోతుంది. జబ్బు మాత్రం నెత్తురులోనే ఉండిపోతుంది. తల్లి నుంచి కడుపులోని బిడ్డకు సోకుతుంది. కస్తూరి బిడ్డలు నిలవకపోవడానికి అదే కారణం కావచ్చునంది. పెన్సిలిన్ సూదులతో నయమవుతుందని కూడా చెప్పింది.

"అయితే ఈమెకు సూదులు వేసి పంపించేయమ్మా," అంది జయలక్ష్మమ్మ.

"ఈమెకు వేస్తాను. ఆయన రాకపోతే మళ్లీ అంటుకునే భయం ఉంటుంది. అప్పుడు మళ్లీ మొదటికొస్తాం."

"వాడికేం జబ్బు లేదు. పైకి బాగానే ఉండాడు."

ఆ మాట తన నోటి నుంచి వచ్చాక జయలక్ష్మమ్మ ఆగిపోయింది. మిద్దె మీద కొడుకు గొణిగే మాట అదే. పక్క మూట పైకి బాగుందని అట్లే వదిలేస్తే ఏమవుతుందో చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి, ఇన్నాళ్లూ ఒక్క కోడలినే ఎండలో నిలబెట్టింది. ఆమెకు సిగ్గేసింది. కస్తూరి ముఖం చూడలేక గోడకున్న బొమ్మల వైపు చూసింది.

మరునాడు మధ్యాహ్నం, బేరాలు లేని వేళ, అంగడిలో కొడుకు ఎదురుగా కూర్చొని సూటిగా అడిగింది. ద్వారకనాథ్ తక్కెడ పళ్లెం తుడిచిందే తుడిచాడు. చివరికి, పెళ్లికి కొన్ని నెలల ముందు సరుకు కోసం బెంగళూరు పోయినప్పుడు ఒక లాడ్జిలో తప్పు చేశాననీ, తర్వాత పుండు లేచిందనీ, నాటుమందు తాగితే మానిపోయిందనీ, అంతటితో సరిపోయిందనుకున్నాననీ చెప్పాడు.

తలుపు దగ్గర కస్తూరి నిలబడి ఉంది.

"నన్ను పుట్టింటికి పంపాలని మాట్లాడుకుండేటప్పుడు మీరు ఆడనే ఉండారు," అంది.

"దీనివల్లనే అని నాకు తెలీదు కస్తూరీ."

"తెలియకపోవచ్చు. ఒక్క డాక్టరునన్నా అడిగింటే తెలిసేది. నా బిడ్డలు పోయినారు."

మరునాడే ముగ్గురూ కృష్ణగిరికి వెళ్లారు. ద్వారకనాథ్ నెత్తురులోనూ జబ్బు బయటపడింది. ఇద్దరినీ అడిగి హెచ్‌ఐవి పరీక్ష కూడా చేశారు. ఫలితం వచ్చేదాకా ద్వారకనాథ్‌కు అన్నం సహించలేదు. అది లేదని తేలింది. వారం వారం ఇద్దరూ వెళ్లి సూదులు వేయించుకున్నారు. కస్తూరి మొగుడితో సరిగా మాట్లాడటానికి చాలా నెలలు పట్టింది. డాక్టరమ్మ చెప్పిన ప్రకారం మళ్లీ పరీక్షలు చేయించుకొని, నయమైందని ఆమె అన్నాకే బిడ్డ సంగతి ఆలోచించారు.

ఆ తర్వాత పుట్టిన ఆడపిల్లకు అర్పిత అని పేరు పెట్టారు. నామకరణం రోజు భోజనాలయ్యాక కాంతమ్మ అక్కను పక్కకు పిలిచి, ఏ దేవుడికి మొక్కుకున్నావని అడిగింది. తన కోడలికీ రెండుసార్లు గర్భం పోయిందనీ, ఇంక పుట్టింటికి పంపేద్దామనుకుంటున్నాననీ చెప్పింది. ఏదో ఒక గుడి పేరు చెప్పి తప్పించుకోవచ్చుగాని, జయలక్ష్మమ్మ ఒడిలో బిడ్డతో కూర్చున్న కస్తూరి వైపు చూసింది.

"చెప్పండత్తా," అంది కస్తూరి. "చెప్పకుంటే ఆ పిల్ల బతుకు కూడా నా మాదిరే అయిపోతుంది."

జయలక్ష్మమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. మీ ఇంట్లో ఉన్నది ఇదే జబ్బో కాదో పరీక్ష చేస్తేనే తెలుస్తుందనీ, ఆ పరీక్షకు కొడుకునూ కోడలినీ ఇద్దరినీ పంపించమనీ అంది. కాంతమ్మ ముఖం మాడ్చుకొని, కృష్ణగిరిలో అందరూ తెలిసినవాళ్లేనని గొణిగింది.

తాంబూలాల పళ్లెం పట్టుకొని ఇదంతా వింటున్న ద్వారకనాథ్ ముందుకు వచ్చాడు. "నీ కొడుకునూ కోడలినీ హోసూరుకే రమ్మను చిన్నమ్మా. ఈడుండే ఆసుపత్రికి నేనే పిలుచుకొని పోతాను. వాని పక్కన నేను కూర్చుంటాను."

"మీ ఊరోళ్లంతా నిన్ను చూస్తారు కదప్పా."

"చూడనీ చిన్నమ్మా. నేను ముఖం దాచుకొన్నందుకు నా బిడ్డలు ఇద్దరు పోయినారు. జబ్బుకు మందుండాది. దాచుకుంటే మాత్రం మందు లేదు."