మూతల వరస

ఆ పెద్ద హోటల్ వంటగదిలో పద్దెనిమిదేళ్లుగా ఉల్లిపాయలు తరిగే ఆవిడను అందరూ ఉల్లిపాయల పిన్ని అనేవారు. కళ్లు ఎప్పుడో రాటుదేలిపోయాయి, ఎన్ని తరిగినా చుక్క నీరు రాలేది కాదు. మనసు మాత్రం పొయ్యి మీదే. అక్కడి వంటలన్నీ ఫ్రెంచి పుస్తకంలో ఉండేవి. అది చదవగలిగినవాళ్ల చేతికే గరిటె అనేవాడు పెద్ద వంటాయన.

అందుకే శనివారం మధ్యాహ్నాలు సరుకుల గదిలో ఫ్రెంచి పాఠం మొదలవగానే పిన్ని చేతులు కడుక్కుని ముందు వరసలో కూర్చుంది. మాస్టారికి ఆవిడ చిన్నకొడుకు వయసుంటుంది. మంచివాడే, కాకపోతే పట్టికలంటే పంచప్రాణాలు.

రెండు వారాలు బాగానే నడిచింది. మూడోవారం, వస్తువుల పేర్ల ముందు తగిలించే చిన్న ముక్కల దగ్గర పిన్ని బండి ఆగిపోయింది. వెన్నంటే ఇష్టమని చెప్పాలంటే ముందు ‘ల’ పెట్టాలట. వెన్న తిన్నానంటే ‘ద్యు’ అట. తినలేదంటే వట్టి ‘ద’ అట.

“అదే వెన్న, అదే నేను. మధ్యలో దానికిన్ని కొమ్ములెందుకు నాయనా?”

“బట్టీ పట్టండమ్మా. వచ్చే వారం అందరూ పట్టిక అప్పజెప్పాలి. చెప్పలేనివాళ్లకి ఇక క్లాసు లేదు.”

పిన్ని ఆ పట్టికను గోడకు అంటించి, తరుగుతూ చదివింది, తరగడం ఆపి చదివింది. ఈ చెవిన వేసుకున్నది ఆ చెవిన పోయింది. గురువారం పొద్దున వెన్న డబ్బా అందుకోబోతూ చెయ్యి గాల్లోనే ఆపేసింది.

ఆ వంటగదిలో మూతలకొక వరస ఉంది. ఎవరూ ముట్టని డబ్బాకి మూత బిగించి ఉంటుంది. అందులోంచి కాస్త తీసుకున్నవాళ్లు మూత వాలుగా పెట్టాలి. ఖాళీ అయితే డబ్బా బోర్లించాలి. పద్దెనిమిదేళ్లుగా ఆవిడ చేతులు చేస్తున్న పనే అది.

“ఓసి దీని దుంపతెగ! ఇంతేనా?” అనుకుంది పిన్ని.

శనివారం మాస్టారు ఆవిడ వైపు తిరిగాడు. “పట్టిక చెప్పండమ్మా.”

“చెప్పను బాబూ. నాకు రాలేదు, రాదు కూడా. వాక్యం అడుగు, చెప్తాను.” బల్ల మీద మూడు డబ్బాలు పెట్టింది.

“పాలు తాగాను.”

మూత వాల్చింది. “ద్యు.”

“పిండి కొన్నాను.”

“అదీ వాలుగానే. ఫ్రెంచిలో పిండి ఆడపిల్ల కాబట్టి ద లా.”

“ఉప్పు కొనలేదు.”

డబ్బా బోర్లించింది. “ద.”

మాస్టారు చిన్నగా నవ్వాడు. “వెన్నంటే నాకు ఇష్టం లేదు.”

లేదు అనేసరికి అందరి కళ్లూ బోర్లించిన డబ్బా మీదికే పోయాయి. పిన్ని మాత్రం నిండు డబ్బా మూత ఇంకాస్త బిగించింది. “ల.”

“ఎందుకని?”

“నీకిష్టం లేకపోతే వెన్నకేం నష్టం బాబూ? అది డబ్బాలో నిండుగానే ఉంది.”

గదంతా ఘొల్లుమంది. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. “జవాబులన్నీ సరైనవే. కానీ నేను అప్పజెప్పమన్నది పట్టిక.” అంటూ ఆవిడ పేరు కొట్టేశాడు.

“కొట్టెయ్ నాయనా. కాగితం నీది.”

మరుసటి శనివారం పిన్ని ఉల్లిపాయల బుట్ట, పీట, కత్తి తెచ్చుకుని సరుకుల గది గుమ్మం పక్కనే చతికిలబడింది.

“మీ పేరు లేదు కదమ్మా?”

“పేరు లేదు, ఉల్లిపాయలున్నాయి. సరుకుల గదిలో తరక్కూడదని నీ పట్టికలో ఉందా?”

అన్నీ ఘాటైనవే ఏరి తెచ్చింది. పావుగంటకల్లా పాఠం చెప్పేవాడూ వినేవాళ్లూ బొటబొటా కన్నీళ్లు కార్చారు. సుద్దముక్క ఏదో, అక్షరం ఏదో మాస్టారికి ఆనలేదు. పిన్ని పొడికళ్లతో నల్లబల్ల వైపు చూస్తూ, ఒక్క మాట వదలకుండా వింటూ తరుగుతోంది.

“పిన్నీ,” అన్నాడు మాస్టారు ముక్కు తుడుచుకుంటూ, “ఆ బుట్ట బయట పెట్టి ముందుకొచ్చి కూర్చోండి.”

“పేరు?”

“రాస్తాను.”

“పట్టిక?”

“వద్దులెండి. మీ డబ్బాలే తెచ్చుకోండి.”

పిన్ని బుట్ట బయట పెట్టి ముందు వరసకొచ్చింది. కత్తి మాత్రం ఒళ్లోనే ఉంచుకుంది.