ఇరవై ముగ్గురు చిన్నబ్బలు

తిరుపతి బస్టాండు ఎదురు సందులో డాక్టర్ ధనంజయ క్లినిక్. అక్కడ ముప్పై ఏళ్ళు గుమాస్తాగా కూర్చున్న కుప్పుస్వామి, చూపు మందగించి, గూడూరులో ఉన్న కూతురింటికి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ పదకొండు అట్టపెట్టెలు వదిలిపోయాడు. సెలైన్ సీసాలు వచ్చిన పెట్టెలవి. వాటి నిండా రోగుల కార్డులు. ఆయన కుర్చీలోకి కొత్తగా వచ్చిన వకుళాదేవికి ఆ పెట్టెల్ని చూస్తే చాలు, ఒళ్ళు మండిపోయేది.

అది 1979, వేసవి ముగిసే రోజులు. వకుళాదేవికి ఇరవై ఏడేళ్ళు. దేవస్థానం బడిలో పంతులుగా చేసి రిటైరైన సారంగపాణిగారి పెద్ద కూతురు. ఇంట్లో ఐదుగురు, నాయన పెన్షను బియ్యానికే సరిపోయేది. "నెల రోజులు చూస్తానమ్మా. కుదిరితే ఉందువు, లేకుంటే లేదు" అని డాక్టరు మొదటిరోజే చెప్పేశాడు. కాబట్టి ఈ ఉద్యోగం నిలబడాలి, తప్పదు.

పొద్దున ఏడుకి తాళం తీయడం, టోకెన్లు ఇవ్వడం, సూదికి ఇంత, కట్టుకి ఇంత అని రసీదులు రాయడం, మందుల కంపెనీ వాళ్ళని రోగులు ఖాళీ అయ్యేదాకా బయట బెంచీ మీద కూర్చోబెట్టడం, ఫ్యాక్టరీ పనివాళ్ళ బిల్లులు మూడేసి కాపీలు టైపు చేసి పంపడం, ఇవన్నీ వారం తిరక్కుండా ఆమె చేతికి వచ్చేశాయి. రానిదల్లా ఒకటే. పాత రోగి రాగానే అతని కార్డు తీసి డాక్టరు బల్ల మీద పెట్టాలి. అది మాత్రం ఏడిపించేది.

పెట్టెల మీద పేరు లేదు, అంకె లేదు. మూత తీస్తే మొదటి కార్డు సుబ్బులమ్మ. దాని వెనక గురప్ప. ఆ వెనక నాగరత్నమ్మ, ఇంకో గురప్ప, ఒక చిన్నబ్బ. అక్షరాల వరస కాదు. తేదీల వరసా అంటే, డెబ్బై రెండు పక్కన డెబ్బై ఎనిమిది. జబ్బుల వరసా అంటే, ఉబ్బసం పక్కన గజ్జి. కార్డు మీదైనా ఏముంది? పేరు, తేదీ, జబ్బు, మందు. ఊరు కూడా రాయలేదు ఆ మహానుభావుడు. ముప్పై ఏళ్ళు ఈ కుర్చీలో కూర్చుని ఏం వెలగబెట్టాడో అనుకునేది వకుళాదేవి, నాలుగో పెట్టె తిరగేస్తూ. లోపల్నించి డాక్టరు గంట కొట్టేవాడు. ఆమె ఐదో పెట్టె లాగేది.

ఒకనాడు ధైర్యం చేసి అడిగింది. "సార్, కుప్పుస్వామిగారు ఎట్లా వెతికేవారు?"

"వెతికేది యాడ? చెయ్యి పెడితే కార్డు వచ్చేది. ఎట్లా అని నేనెప్పుడూ అడగలేదు" అన్నాడు ధనంజయ.

గూడూరుకి ఉత్తరం రాసింది. వారానికి పోస్టుకార్డు వచ్చింది. అందులో ఎవరి చేతో రాయించిన రెండే రెండు ముక్కలు: 'అమ్మా, అన్నీ వరసలోనే ఉండాయి. భయపడొద్దు.' వకుళాదేవి ఆ కార్డును మూడుసార్లు చదివి, బల్ల సొరుగులో కుక్కి, ఠపీమని మూసింది.

అయినా ఆ 'వరస' అన్న మాట ఆమెను వదల్లేదు. అన్నం తింటున్నా అదే, తల దువ్వుకుంటున్నా అదే. ఏం వరస? వయసా? డబ్బున్నవాళ్ళు ముందూ లేనివాళ్ళు వెనకా? ఒకపూట ఇరవై కార్డుల మీద మందుల పేర్లన్నీ కాగితం మీద రాసుకుని చూసింది. ఏమీ తేలలేదు. అసలు వరసే లేదు, ముసలాయన పరువు కోసం అబద్ధమాడాడని తీర్మానించుకుంది. ఆదివారం ఒక్కతే క్లినిక్‌కి వచ్చి, అన్నిటికంటే పెద్ద పెట్టెను నేల మీద బోర్లించింది. నాలుగు వందల పై చిలుకు కార్డులు. సాయంత్రానికల్లా అకారం నుంచి హకారం దాకా అందంగా పేర్చేసింది. చిన్నబ్బలే ఇరవై ముగ్గురు తేలారు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటికో చిన్నబ్బ ఉంటాడు మరి. ఇరవై ముగ్గురినీ ఒక కట్టగా కట్టి, వాళ్ళలో ఎవరు ఎవరో అప్పుడు చూసుకోవచ్చులే అనుకుంది.

మంగళవారం పొద్దున ఆరుగురు ఆడవాళ్ళు ఒకే బస్సు దిగి వచ్చారు. వకుళాదేవి మొదటామెను "పేరు చెప్పమ్మా" అంది. ఆమె "పాకాల బస్సు, నర్సమ్మా" అంది. బల్ల దగ్గర కూర్చున్న ఆడమనిషి ఎవరైనా వాళ్ళకు నర్సమ్మే.

"బస్సు పేరు కాదమ్మా, నీ పేరు."

"పెద్దాయన పేరు అడిగేవాడే కాదే! ఏ బస్సు, యాడ ఎక్కినావు అనేవాడు. అంతే."

వకుళాదేవి విసుక్కుంటూనే పేర్లు అడిగి కార్డులు వెతికింది. మొదటిది ఏడో పెట్టెలో దొరికింది. రెండోదీ ఏడో పెట్టెలోనే. మూడోది దానికి బెత్తెడు దూరంలో. ఆరుగురివీ ఒక్క జానెడులోనే ఉన్నాయి. "నువ్వు యాడ ఎక్కినావమ్మా? నువ్వు?" అని ఒక్కొక్కరినీ అడిగింది. చంద్రగిరి దాటినాక ఎక్కినామె కార్డు ముందుంది. ఆ తరవాతి స్టాపు ఆమెది ఆ వెనక. పాకాల దగ్గర ఎక్కినామెది చిట్టచివర. తిరుపతి నుంచి బస్సు ఏ దారిన ఆగుతూ పోతుందో, పెట్టెలో కార్డులు ఆ దారినే నిలబడి ఉన్నాయి! పెట్టెకొక బస్సు. తిరుగు బస్సు తప్పిపోకుండా వాళ్ళను వరసగా లోపలికి పంపడానికి కూడా అదే లెక్క. కార్డు మీద ఊరెందుకు రాయలేదంటే, కార్డు నిలబడిన చోటే దాని ఊరు.

ఎంత సంతోషమైందని! లేచి ఆ ఆరుగురినీ కౌగిలించుకోవాలనిపించింది. "వరసలోనే ఉండాయి" అని పైకే అనేసి నవ్వింది. ఆ నవ్వు సగంలో ఉండగానే, ఆదివారం తాను చక్కబెట్టిన పెద్ద పెట్టె గుర్తొచ్చింది. అందులోవాళ్ళంతా పీలేరు బస్సు దిగి వచ్చేవాళ్ళేనని ఇప్పుడు తట్టింది. నాలుగు వందల మంది ఊళ్ళు తన చేత్తో తానే చెరిపేసింది. ఏ చిన్నబ్బది ఏ ఊరో ఇప్పుడా బ్రహ్మదేవుడే చెప్పాలి.

డాక్టరుకి చెప్పలేదు. నెల నిండటానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. పీలేరు బస్సు మనుషులు వచ్చినప్పుడల్లా గుట్టుగా ఊరడిగి కార్డు మీద రాసేస్తే, రెండు మూడు నెలల్లో తప్పు సర్దుకుంటుంది, ఎవరికీ తెలియదు అనుకుంది. రోజుకి పదిహేను కార్డుల మీద ఊళ్ళు రాసింది. భయపడుతూనే రాసింది.

శనివారం పొద్దున తొమ్మిదికి పీలేరు బస్సు కండక్టరు ప్రేమానందం, ఇంకో మనిషీ కలిసి ఒకతన్ని మోసుకొచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఊపిరి గురగురమంటోంది. కళ్ళు తెరుస్తున్నాడు గానీ ఎవరినీ పోల్చడం లేదు.

"మార్కెట్‌కి చింతపండు తెస్తా ఉన్నాడు సార్, బస్సులోనే పడిపోయినాడు. పుంగమానుమిట్టలో ఎక్కుతాడు ఎప్పుడూ. చిన్నబ్బ అంటారు" అన్నాడు ప్రేమానందం. "ట్రిప్పు ఆలస్యమైపోయింది, నేను పోవాల. వాళ్ళింట్లో చెప్తాను సార్" అంటూ పరుగెత్తాడు.

డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి విన్నాడు. "న్యుమోనియా. పెన్సిలిన్ వెయ్యాల" అని సూది తీసి, ఆగాడు. "వకుళా! ఆ దారిలో ఒక చిన్నబ్బకి పెన్సిలిన్ పడలేదు. నాలుగేళ్ళ కింద చావు తప్పి బయటపడినాడు. కుప్పుస్వామి ఎర్ర సిరాతో రాసిపెట్టినాడు. రోజుకు ఎనభై మంది ముఖాలు, నాకు గుర్తుండేది యాడ? వీడి కార్డు తీసుకురా. ఎరుపు ఉందా లేదా, అంతే చెప్పు."

ఆమె పెట్టె దగ్గరికి వెళ్ళి చిన్నబ్బల కట్ట విప్పింది. పుంగమానుమిట్ట అని ఊరు తెలుసు. కార్డులు వాటి చోట్లలో ఉండి ఉంటే చెయ్యి పెట్టగానే వచ్చేది. ఇప్పుడు ఇరవై ముగ్గురు. ఈ వారం వాళ్ళలో ఒక్కడూ రాలేదు, ఒక్కడికీ ఊరు రాయలేదు. తిప్పి చూసింది. ఇరవై రెండు తెల్లగా ఉన్నాయి. ఒకదాని మీద ఎర్రగా రెండు వరసలు.

"ఏమైంది? దొరికిందా లేదా?" డాక్టరు లోపల్నించి అరిచాడు.

ఆమె చేతిలో పైనున్న కార్డు తెల్లదే. చిన్నబ్బ, దగ్గు, ఆయాసం, రెండేళ్ళ కిందటిది. సరిగ్గా ఇతనిలాగే ఉంది. ఎరుపు లేదు సార్ అని ఒక్క మాట అంటే అయిపోతుంది. ఇరవై ముగ్గురిలో ఇరవై రెండు పాళ్ళు అది నిజమే అవుతుంది. మంచి మందు పడుతుంది, మనిషి బతుకుతాడు, ఉద్యోగం ఉంటుంది. ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఆ మాట అనడానికే నోరు తెరిచింది. మంచం మీది మనిషి ఎందుకో చెయ్యి కాస్త ఎత్తి, మళ్ళీ వదిలేశాడు.

"తెలీదు సార్" అంది. "ఈ పెట్టె నేను కలిపేసినాను. ఏ చిన్నబ్బ ఈయనో చెప్పలేను. పెన్సిలిన్ వెయ్యొద్దు సార్."

ధనంజయ సూదిని ట్రేలో పడేశాడు. ఆమెను చూసిన చూపుకి ఆమె గోడకి ఆనుకుంది. ఆయన వేరే మందు మొదలుపెట్టాడు. అది నిదానంగా పనిచేసే మందు, పని చేస్తుందో లేదో చూడాలి. గంటసేపు మంచం పక్కనే ఉండి, చేతులు కడుక్కుంటూ అన్నాడు: "సోమవారం వచ్చి జీతం తీసుకో. పనికి రావద్దు."

ఆమె తలూపింది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది కూడా. అయితే ఇంటికి మాత్రం వెళ్ళలేకపోయింది. ఉద్యోగం ఎట్లాగూ పోయింది. కానీ ఆ ఎర్ర సిరా చిన్నబ్బ ఎవరు? అది తెలుసుకోకుండా ఈ రాత్రి నిద్ర పడుతుందా? ఎరుపున్న కార్డును రవికెలో దోపుకుని బస్టాండులో పీలేరు బస్సులు ఆగే చోట, సోడా బండి పక్కన నిలబడింది. ప్రేమానందం కబురు చెప్పి ఉంటే, ఆ ఇంటివాళ్ళు తిరుగు బస్సుకి దిగాలి.

నాలుగు గంటలకి బస్సు వచ్చింది. ప్రేమానందం ఫుట్‌బోర్డు మీద నుంచే వేలు పెట్టి చూపించాడు. దిగినామె చిన్నబ్బ భార్య శకుంతలమ్మ. చేతిలో గుడ్డమూట, కాళ్ళకి చెప్పుల్లేవు. "మనిషి ఉండాడా నర్సమ్మా?" అని అడిగింది.

"ఉండాడమ్మా. జ్వరం కొంచెం దిగింది. రా, పోదాం." రోడ్డు దాటుతూ ఇక ఆపుకోలేక అడిగేసింది. "అమ్మా, నాలుగేళ్ళ కింద ఈ క్లినిక్‌లో సూది వేసినాక ఆయన పడిపోయినాడా?"

శకుంతలమ్మ నడక ఆపలేదు. "పడిపోయినాడు. మూతి వాచిపోయింది, ఊపిరాడలా. పెద్దాయన, డాక్టరు సారు మోసుకుని పోయి లోపల పడుకోబెట్టినారు. పొద్దుననించి కూడు తినలేదు కదా, ఎండదెబ్బ అనుకుంటిమి. యేం, ఎందుకడుగుతావు?"

వకుళాదేవి క్లినిక్ మెట్టు మీద అట్లాగే కూర్చుండిపోయింది. ఇరవై ముగ్గురిలో అతనే.

డాక్టరు ఆ కార్డు తీసుకుని ఎర్ర వరసలు చదివాడు. మళ్ళీ చదివాడు. మంచం మీద చిన్నబ్బ నిద్రపోతున్నాడు. ధనంజయ, "పొద్దున నువ్వు ఎరుపు లేదని చెప్పుంటే?" అన్నాడు.

"చెప్పాలనే నోరు తెరిచినాను సార్."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. శకుంతలమ్మ ఇద్దరి ముఖాలూ చూసింది. "ఏముండాది దాంట్లో?" అంది. వకుళాదేవి చదివి వినిపించింది. పెన్సిలిన్ సూది ఇతనికి ఎప్పుడూ వెయ్యరాదు, వేస్తే ప్రాణం పోతుంది.

శకుంతలమ్మ గొంతు పెంచకుండానే అడిగింది. "పోయినేడు కాలికి మేకు గుచ్చుకుంటే పీలేరులో ఏదో సూది ఏస్తామన్నారు. బస్సుకు పొద్దు పోతాదని వద్దని వచ్చేసినాడు. ఈ సంగతి నాలుగేండ్లుగా మీ పెట్టెలో ఉండాది, మాకెందుకు చెప్పలేదమ్మా?"

వకుళాదేవి సొరుగులోంచి కొత్త కార్డు తీసింది. ఎర్ర సిరా సీసా మూత తీసి, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: పేరు, ఊరు, ఆ సూది పేరు, వెయ్యరాదు అని. ఆరేదాకా ఊది శకుంతలమ్మ చేతిలో పెట్టింది. పనిలోంచి తీసేసిన మనిషి క్లినిక్ సరుకు వాడుతోందని ఆ పూట ఎవరూ అనలేదు.

శకుంతలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీన్ని యాడ పెట్టాల నర్సమ్మా?"

"పెట్టెలో వద్దు" అంది వకుళాదేవి. "ఆయన యాడికి పోతే ఆడికి పోవాల."