గిఫ్ట్ ప్యాక్ వద్దు

నేను చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన సోఫాలో కాళ్ళు జాపుకుని నా ఫోన్ చూస్తున్నారు. తన ఫోన్ చార్జింగ్‌లో ఉంటే నాది తీసుకోవడం మా ఇంట్లో మామూలే. ఆయన ఫోన్ ఆయనది, నా ఫోన్ ఇంటిది. ఉన్నట్టుండి "ఓహో!" అన్నారు. తల తిప్పి చూస్తే మొహం వెలిగిపోతోంది. "నేనేం చూళ్ళేదు సుమా! అసలేం చూళ్ళేదు!" అని ఫోన్ బల్లమీద బోర్లా పెట్టేసి, నవ్వాపుకోలేక వరండాలోకి వెళ్ళిపోయారు. వెళ్ళి చూసుకున్నాను. దుకాణం వాళ్ళ మెసేజ్. మీరు బుక్ చేసుకున్న కొత్త గేమ్ కన్సోల్ శనివారం విడుదలవుతోంది, ఆ రోజు సాయంత్రంలోగా తీసుకోకపోతే తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తాం అని.

వచ్చే వారం ఆయన పుట్టినరోజు. యాభై నిండుతాయి. అందుకని ఆయన అలా అనుకోవడంలో వింతేమీ లేదు. ఈ ఇంట్లో నేను కొనే వస్తువు నాకోసమని అనుకోవడమే వింత. "అది మీకు కాదండీ, నాకు" అని అప్పుడే అనేసి ఉంటే పోయేది. నోరు పెగల్లేదు. ఆ కంగారులో చొక్కా కాల్చేసుకున్నాననుకునేరు, అదేం లేదు. నా చేతులు నాకంటే బుద్ధిమంతులు, వాటి పని అవి చేసుకుపోయాయి. పైగా వరండాలోంచి ఆయన తొంగి చూస్తే నవ్వాను కూడా. ఆ నవ్వే నా కొంప ముంచింది.

అసలీ పిచ్చి నాకు ఆయన పుణ్యమే. పిత్తాశయం ఆపరేషనై మంచం మీదున్నప్పుడు, ఏదో మందు కోసం నేను లేచి ఆయన సొరుగు వెతుకుతుంటే చేతిలో పట్టుకుని ఆడే పాత గేమ్ ఒకటి దొరికింది. ఎప్పుడో సరదాపడి కొనుక్కుని, వారం ఆడి పడేశారు. ఆయన మోజులన్నీ అంతే. కెమెరా, గిటారు, చెమట పట్టించే సైకిలు, అన్నీ వచ్చాయి, అన్నీ మూలపడ్డాయి. "ఎందుకురా ఇది?" అని ఏ రోజూ ఎవరూ అడగలేదు. నేను ఊరికే బటన్ నొక్కి చూశాను. దీపం పట్టుకున్న ఓ చిన్న బొమ్మ గుహల్లో దారి వెతుక్కుంటూ పోతుంది. గెంతుతుంది, పడుతుంది, మళ్ళీ లేస్తుంది. దాంతోపాటు నేనూ పడ్డాను, ఇంక లేవలేదు.

టీవీ చూస్తుంటే ఎవరో ఒకరు పిలుస్తారు, సీన్ పోతుంది. పుస్తకం పట్టుకుంటే ఎక్కడిదాకా చదివానో వెతుక్కోవడంతోనే సరి. ఇది అలా కాదు. బటన్ నొక్కితే, గాల్లోకి ఎగిరిన బొమ్మ గాల్లోనే ఆగిపోతుంది. "ఏమోయ్, నా కళ్ళజోడెక్కడ?" అంటే వెళ్ళి, అది ఆయన తలమీదే ఉందని చూపించి, అటునుంచటే అత్తయ్యకి వేడినీళ్ళిచ్చి, పొయ్యి కట్టేసి వచ్చి చూస్తే అది ఇంకా గాల్లోనే ఉంటుంది, పాపం. నాకోసం ఈ ఇంట్లో ఏదైనా ఆగిందంటే అదొక్కటే.

ఎప్పుడు ఆడతానంటారా? నేను కంటి ఆసుపత్రిలో చూపు పరీక్ష చేస్తాను. రోజంతా అద్దాలు మార్చి మార్చి పెట్టి, "ఇది బాగుందా, అది బాగుందా?" అని ఊళ్ళో వాళ్ళందర్నీ అడగడమే నా ఉద్యోగం. నా గది చీకటిగా ఉంటుంది. మధ్యాహ్నం భోజనం నాలుగు ముద్దల్లో ముగించి, తలుపేసుకుని ఆడతాను. బయట తలనొప్పి అని చెప్తాను. మా డాక్టర్ నమ్మి, తనే స్వయంగా నా కళ్ళు పరీక్ష చేసి, ఏ లోపమూ కనబడక, "ఎందుకైనా మంచిది, కాస్త విశ్రాంతి తీసుకోమ్మా" అన్నాడు. ఎంత సిగ్గేసిందో! డాక్టర్ని మోసం చేశానని ఆ వారమంతా, ఏడ్చే పిల్లల్ని ఒక్కర్ని కూడా వెనక్కి పంపకుండా నేనే చూశాను. మామూలుగానూ వాళ్ళని నా గదికే తోలతారనుకోండి. ఆడవాళ్ళకి ఓపిక ఎక్కువట.

నాకు పిల్లల్లేరు. అందుకే నా ఖాళీ మీద అందరికీ ఓ కన్ను. "పిల్లా జెల్లా లేరు, నీకేం పనమ్మా!" అంటుంది మా ఆడపడుచు. "నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు తల్లీ, అలవాటు లేదు," అంటుంది అత్తయ్య, ఊరికే కూర్చుని. బుకింగ్ కోసం దుకాణానికి ఫోన్ చేసినప్పుడు అటువైపు కుర్రాడు "బాబుకా మేడమ్, పాపకా?" అన్నాడు. "పాపకి," అనేశాను. పెట్టేశాక ఆ చీకటి గదిలో కూర్చుని ఏడ్చాను. లేని పిల్లని అడ్డం పెట్టుకుని బొమ్మ కొనుక్కుంటున్నానే, ఇంతకి తెగించానా అని. అయినా బుకింగ్ మాత్రం రద్దు చెయ్యలేదు. పాతది చచ్చేలా ఉంది, సగం బటన్లు పనిచెయ్యవు, కొత్త ఆటలు దానికి రావు. జీతం నాదే. అయినా నా డబ్బు నేను ఖర్చు పెట్టుకోవడానికి నాకే భయం.

మర్నాడు పొద్దున్న వంటింట్లో ఉంటే అత్తయ్య వెనకనుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. ఉలిక్కిపడ్డాను. "వాడు చెప్పాడే. చిన్నప్పట్నుంచీ వాడికి ఎవరూ ఏదీ చెప్పకుండా కొనిచ్చింది లేదు. వాళ్ళ నాన్న సంగతి నీకు తెలుసుగా. రాత్రి వాడి మొహం చూశావా? నువ్వు మంచిదానివే," అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట మొదటిసారి. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇంకో రెండు మాటలంటే బాగుండునని గిన్నె కడుగుతూ కాస్త ఆగాను కూడా. నాది కాని మెప్పు, నోరు మూసుకుని నొక్కేశాను. పక్కగదిలో ఆయన తమ్ముడితో ఫోన్లో, "మీ వదిన ఏదో ప్లాన్ చేసింది లేరా, నాకేం తెలీనట్టు నటిస్తున్నా," అని పెద్దగా నవ్వుతున్నారు.

ఇంక ఇచ్చెయ్యడమే అనుకున్నాను. శుక్రవారం అద్దాలు మారుస్తున్నానే గాని నా బుర్ర ఇక్కడ లేదు. ఇచ్చేస్తే ఏం పోతుంది? మహా అయితే వారం ఆడతారు. తర్వాత ఎలాగూ సొరుగులో పడేస్తారు, అప్పుడు నేను తీసుకుంటాను. వారం ఓపిక పడితే ఆయనకి సంతోషం, అత్తయ్యకి సంతోషం, వస్తువు నాకే. ఎంత తెలివైనదాన్ని! భలే ఉపాయం దొరికిందని కాసేపు మురిసిపోయాను. తర్వాత నా చేతిలోని ఫోన్ చూసుకున్నాను. అది ఆయన వాడి వదిలేసింది. ఇంట్లో లాప్‌టాపూ అంతే. నేను కప్పుకునే శాలువా అత్తయ్యకి గుచ్చుకుంటోందని నాకొచ్చింది. అన్నం సంగతి సరేసరి, అందరూ లేచాకే నా కంచం. ఈ ఉపాయం నాకు కొత్తగా తట్టింది కాదు. నా బతుకంతా దీంతోనే గడిపేశాను. ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా కుర్చీలో ఉన్న పెద్దాయన, "ఏంటమ్మా, అద్దం మార్చవా?" అన్నాడు.

ఒళ్ళు మండినంత మాత్రాన ధైర్యం వచ్చిందనుకోకండి. శనివారం పొద్దున్న దుకాణం ముందు వరుసలో నిలబడినప్పుడు కూడా ఆయన మొహమే కళ్ళముందుంది. నా ముందు ఒకాయన, జుట్టు నాకంటే ఎక్కువే నెరిసింది. కౌంటర్లో అమ్మాయి ఆయనకి డబ్బా ఇచ్చి, "ఇంకేం గేమ్స్ కావాలి సార్?" అంది. అంతే. నా వంతు వచ్చింది. డబ్బా బయటికి తియ్యకముందే, "గిఫ్ట్ ప్యాక్ చెయ్యమంటారా మేడమ్? ఎవరికి?" అని రంగుకాగితాలు నా ముందు పరిచింది. పాపం, మంచిగానే అడిగింది. నా వేలు నీలంరంగు కాగితం మీదికి దానంతటదే వెళ్ళింది, అది ఆయనకిష్టం. ముందున్నాయన పక్కనే నిలబడి డబ్బా చించి, అక్కడికక్కడే ఆన్ చేసుకుని, చంటివాడిలా నవ్వుకుంటున్నాడు. ఆయన్ని ఎవరికని అడగలేదే అనుకున్నాను.

"గిఫ్ట్ ప్యాక్ వద్దమ్మా. నాకే," అన్నాను. ఆ అమ్మాయి ఏమీ ఆశ్చర్యపోకుండా కాగితాలు తీసేసి, "అయితే ఇంకేం గేమ్స్ కావాలి మేడమ్?" అంది. నా భయానికి అక్కడ ఎవరూ పూచికపుల్ల విలువ కూడా ఇవ్వలేదు.

ఇంటికొచ్చేసరికి ఆయన భోజనాల బల్ల తనే తుడిచి, దానిమీద కొత్త పౌచ్ ఒకటి పెట్టుకుని కూర్చున్నారు. జిప్పు పౌచ్, లోపల మెత్తటి గుడ్డ. "ఇది ఊరికే కొన్నాలే, దేనికో పనికొస్తుందని," అని కన్నుకొట్టారు. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని పక్కనే ఉంది. సంచీలోంచి కన్సోల్ తీసి బల్లమీద పెట్టాను.

"అదేంటోయ్, తెరిచేశావా?"

"తెరిచానండీ. ఇది మీకు కాదు. నాకని కొనుక్కున్నాను. మెసేజ్ చూసిన రోజే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. తప్పు నాదే."

ఆయన నవ్వబోయి, నేను నవ్వకపోవడం చూసి ఆగిపోయారు. "నీకా? నీకెందుకే ఇలాంటివి?" అంది అత్తయ్య. ఆయన పౌచ్ జిప్పు లాగారు, మళ్ళీ వేశారు. చెవులు ఎర్రబడ్డాయి. తమ్ముడికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నట్టున్నారు. తిట్టినా బాగుండేది.

"నన్నడిగితే నేనే కొనిచ్చేవాణ్ణి కదా," అన్నారు. నిజంగానే కొనిచ్చేవారు. అందుకే ఆ మాట సూటిగా తగిలింది.

"కొనిచ్చేవారే. అడక్కుండా కొనుక్కుంటే ఎలా ఉంటుందో చూద్దామని."

"ఎలా ఉంది మరి?"

వెటకారమో, నిజంగా అడిగారో తెలీలేదు. నేను మాత్రం నిజమే చెప్పాను. "ఏం బాలేదండీ. దొంగతనం చేసినట్టుంది."

తప్పు నాదేనని ఇంకోసారి ఒప్పుకుని, ఓ వారం ముందు మీరే ఆడండని ఆయన చేతిలో పెట్టేస్తే ఈ బరువు దిగిపోతుందని నాకు తెలుసు. కానీ తప్పు చేశానన్న ఈ బాధంతా పోయాక తీరిగ్గా ఆడుకుందామనుకుంటే నేను ఈ జన్మకి ఆడను. ఆయన ఎదురుగానే కుర్చీ లాక్కుని కూర్చుని, ఆట మొదలుపెట్టాను.