ఆషాఢంలో ఒక ఎడమ వెనక చక్రం

నేను ఒక చక్రాన్ని. టైరును కాదు, టైరు నడుమ మెరిసే లోహపు చక్రాన్ని. జనం టైరునే తడుముతారు, టైరునే తంతారు, టైరునే తిడతారు. నేనొకదాన్ని ఉన్నానని కారు కడిగేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తురాదు. అందుకే నేను చేసిన ఒక నేరానికి ఒక అమాయకుడు దోషిగా నిలబడ్డాడు.

కరిగిన అల్యూమినియాన్ని అచ్చులో పోసి, నున్నగా చెక్కి, వెండిరంగు పూసి నన్ను తయారుచేశారు. నాతోపాటు ఒకే పూట పుట్టిన తోబుట్టువులు ముగ్గురు. నలుగురినీ ఒకే కారుకు బిగించారు. నాకు ఎడమ వెనక చోటు దక్కింది.

మొదటి యజమాని విశాఖపట్నంలో రిటైరైన ఓడ ఇంజనీరు. ముప్ఫయ్యేళ్లు సముద్రం మీదే బతికినా ఆయనకు తనివి తీరలేదు. రోజూ సాయంత్రం బీచ్ రోడ్డులో కారు ఆపి, రెండు గంటలు సముద్రాన్నే చూసేవాడు. ఆయనకు గాలి తగిలేది, నాకు ఉప్పు తగిలేది. తొమ్మిదేళ్లు అలా గడిచేసరికి, టైరు అంచు నన్ను ఆనుకుని కూర్చునే చోట తెల్లటి పొడి పట్టింది. మనుషులకు మోకాళ్లలో వచ్చే ముసలితనం నాకు అంచుల్లో వచ్చింది. రెండో యజమాని నన్ను ఒక్కసారి కూడా కడగలేదు, కాబట్టి ఆయన గురించి చెప్పడానికేమీ లేదు.

మూడోవాడు జగదీష్, విశాఖలోనే ఉండే మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. అతనికి పెళ్లయిన మర్నాడు కొత్త పెళ్లికూతురు హైమ కారుకు పసుపు రాసి, నాలుగు చక్రాలకూ బొట్లు పెట్టింది. మిగతా ముగ్గురికీ ఒక్కొక్కటే. నాకు మాత్రం రెండు, మొదటిది వంకరగా వచ్చిందని. ఆ రోజునుంచి నేను వాళ్ల మనిషినైపోయాను.

నెల తిరక్కుండానే ఆషాఢం వచ్చిపడింది. హైమను విజయనగరం పుట్టింటికి తీసుకుపోయారు. ఆ నెలంతా అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. అత్తగారు అప్పలనరసమ్మ ఈ విషయంలో చాలా గట్టి మనిషి.

జగదీష్ మంగళవారం, శనివారం పనిమీద శ్రీకాకుళం వెళ్తాడు. విజయనగరం మీదుగానే అతని దారి. మొదటి శనివారం ఊళ్లోకి రాగానే కారు ఎడమవైపుకు లాగింది. చూస్తే నా టైరు మెత్తబడి ఉంది. దగ్గర్లో ఉన్న పంక్చర్ షాపు సింహాచలానిది. అది సరిగ్గా అత్తగారింటికి ఎదురుగా ఉంది. ఒట్టు, ఇందులో నా ప్రయత్నమేమీ లేదు.

సింహాచలం గాలి కొట్టినంతసేపూ జగదీష్ షాపు స్టూలు మీద, హైమ ఎదుటి అరుగు మీద. మధ్యలో రోడ్డు. ఆటోలు అడ్డొచ్చినప్పుడల్లా ఇద్దరూ మెడలు చాచేవాళ్లు. రెండు నిమిషాల పని ఇరవై నిమిషాలు సాగింది. మంగళవారం మళ్లీ టైరు మెత్తబడింది. శనివారం మళ్లీ. ఆ పై మంగళవారం కూడా. సింహాచలం టైరంతా తడిమాడు, నీళ్లతొట్టిలో ముంచి తీశాడు, వాల్వు పిన్ను మార్చాడు.

“మేకు నేదు, ముల్లు నేదు. టైరు బంగారంలాగుందమ్మా,” అన్నాడు.

“అయితే గాలెలా ఎల్లిపోతంది? ఎవరో ఒకరు తీస్తేనే ఎల్లిపోద్ది,” అంది అప్పలనరసమ్మ, అల్లుడివైపు చూడకుండా అల్లుడికి వినబడేలా. తర్వాత కూతురివైపు తిరిగింది. “ఇంకోపాలి గాలి పోయిందంటే నిన్ను పార్వతీపురం మావయ్య ఇంటికి పంపేస్తాను. అటువైపు ఎవరికీ డ్యూటీలుండవు.”

హైమ ముఖం వాడిపోయింది. నాకు లోహమంతా చల్లబడింది.

తర్వాతి శనివారం గండం తప్పించాలని జగదీష్ బుధవారమే రెండు పాయింట్లు ఎక్కువ గాలి కొట్టించాడు. నేను శక్తికొద్దీ బిగబట్టాను. ఏం లాభం? శనివారం విజయనగరం చేరేసరికి మళ్లీ కారు ఎడమకు లాగింది.

అప్పలనరసమ్మ అరుగు దిగి వచ్చింది.

“నేను ముట్టుకోలేదండి అత్తయ్యగారూ! ఒట్టు!” అన్నాడు జగదీష్.

“ఆయన అబద్ధమాడరమ్మా,” అంది హైమ అరుగుమీంచి.

“నెల్రోజుల మొగుడికి అప్పుడే సాక్ష్యమా? ఉండు, చూద్దాం.” ఆవిడ లోపలికెళ్లి పెద్ద గిన్నెతో తిరిగొచ్చింది. హైమ శనివారం తలంటుకు తీసిన కుంకుడు రసం, ఇంకా నురగ తగ్గలేదు.

“నాను నీట్లో ముంచి సూసేను గదమ్మా,” అన్నాడు సింహాచలం.

“ఎంతసేపు ముంచావు?”

“అలా ముంచి ఇలా తీసేను.”

“పొయ్యిమీద పాలు పెట్టి, అలా చూసి ఇలా ఎల్లిపోతే, పొంగడం కనబడతాదేటి?”

చక్రం విప్పించి నేలమీద పడుకోబెట్టించింది. టైరు మీద నురగ పోసింది. ఏమీ లేదు. వాల్వు చుట్టూ పోసింది. ఏమీ లేదు. చివరికి టైరూ నేనూ కలిసే అంచు చుట్టూ పోసి, పీట వేసుకుని నా ఎదురుగా కూర్చుంది. పావుగంట రెప్ప వేయలేదు. నన్ను అంతసేపు చూసినవాళ్లు నేను పుట్టిన ఫ్యాక్టరీలో కూడా లేరు.

ముందు ఆవగింజంత బుడగ. తర్వాత సగ్గుబియ్యమంత. తర్వాత అంచువెంబడి వరసగా పది.

సింహాచలం టైరు ఊడదీశాడు. నా తెల్లటి పొడి అందరికీ కనబడింది.

“టైరు కాదమ్మా! సక్రమే పాతబడిపోనాది. ఉప్పుగాలి తినేసింది,” అని తీగల బ్రష్షుతో తోమి, గరుకు కాగితంతో రుద్ది, నల్లటి జిగురు పూసి టైరు మళ్లీ ఎక్కించాడు. గాలి కొట్టి మళ్లీ నురగ పోస్తే ఒక్క బుడగ రాలేదు.

జగదీష్ నిర్దోషి అయ్యాడు. హైమ చప్పట్లు కొట్టింది. మరుక్షణమే ఇద్దరి ముఖాలూ ఒకేసారి వాడిపోయాయి. బాగైపోయిన చక్రంతో ఇక్కడ ఆగడమెందుకు?

అప్పలనరసమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఇద్దర్నీ చూసింది.

“బాబూ, ఈ నాలుగూ ఒకే వయసువా?”

“అవునండి.”

“అయితే మిగతావాటికీ ఇదే రోగం ఉంటాది. తోవలో ఆగిపోతే కష్టం. మంగళవారం ఒకటి, శనివారం ఒకటి చూపించుకోండి.”

“గంటలో మూడూ సూసేత్తా...” అని మొదలుపెట్టిన సింహాచలం, ఆవిడ చూపు తగిలి మిగతా మాట మింగేశాడు.

మంగళవారం ఎడమ ముందు చక్రాన్ని విప్పి చూశారు. దానికి ఏ రోగమూ లేదు. పని పన్నెండుకే అయిపోయింది. సింహాచలం భోజనానికి వెళ్లిపోయాడు. అరుగుమీద హైమ ఇచ్చిన మజ్జిగ తాగి, జగదీష్ ఉసూరుమంటూ కారు దగ్గరికొచ్చాడు. కుడి ముందు టైరు పూర్తిగా నేలకంటుకుపోయి ఉంది.

“నీకేమైందే?” అన్నాను ఆ తోబుట్టువుతో.

“నాకేమీ కాలేదు,” అంది అది. “ఇందాక ఎవరో వంగి వాల్వు పిన్ను నొక్కిపట్టారు. గాజులు గలగలమన్నాయి. వేళ్లు ఇంగువ వాసనేశాయి.”

హైమ అరుగు మీంచి కదలనేలేదు. పొద్దుట్నుంచీ వంటింట్లో ఉన్నది ఒక్కరే.

“అయ్యో, గాలి పోయిందా!” అంటూ అప్పలనరసమ్మ గుమ్మంలోకి వచ్చింది. “సింహాచలం వచ్చేసరికి గంట పడతాది. గడప లోపలికి రమ్మనను బాబూ, ఆషాఢం. అరుగు మీద ఆకు వేస్తాను, కూర్చోండి. హైమా, వడ్డించు!”

నేను వారాల తరబడి గాలి వదిలాను. ఇంత అందంగా వదలడం నాకెన్నడూ చేతకాలేదు.