పాత బడి రాయి

బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ పొద్దున్నే తలుపు తీసేసరికి వాకిలి నిండా కాంక్రీటు పెళ్ళలు. ఎవరో ఎక్కడో ఇల్లు పడగొట్టి, శిథిలాలను ఈ వీధిలో పారబోసి చేతులు దులుపుకున్నారు. ఇలాంటి గుట్టలు మనమూ రోజూ చూస్తాం, పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోతాం. ఆవిడకు ఆ వీలు లేకపోయింది. పెళ్ళలతో కాలువ పూడిపోయి, వానలకు మురుగంతా ఇంట్లోకొచ్చింది. కుట్టిన బట్టలన్నీ పాడయ్యాయి.

అందుకే ఊళ్ళో కొత్త బడి కట్టిస్తున్న ఇంజనీరు చెల్లెలు ఒక మాట చెప్పగానే ఆవిడ భగ్గుమంది. కూల్చేసిన పాత బడి కాంక్రీటునే కంకరగా ఆడించి, కొత్త బడి స్తంభాల్లో వాడతారట.

"మా ఇల్లు ముంచిన చెత్తే దొరికిందటే నీకు? నా కూతురు కూర్చునే గది అది!"

"చెత్త కాదక్కా, రాయే. ఇది పారేస్తే కాలువలు పూడతాయి, కొత్త కంకరకి ఇంకో కొండ పగలగొట్టాలి."

"పిల్లల నెత్తిన కూలితే ఎవరే జవాబు?"

అక్క తల్లిదండ్రులందరినీ కూడగట్టి పని ఆపించింది. చెల్లెలు వాళ్ళనే పరీక్షకు పిలిచింది. అందరూ చూస్తుండగా ఆ కంకరతో పోసిన కాంక్రీటు దిమ్మను యంత్రంలో పెట్టి నొక్కారు. మోయాల్సిన బరువు మోయకుండానే అది పగిలిపోయింది.

"దిమ్మ సరిగ్గా పొయ్యలేదని చెప్పేద్దాం మేడమ్," మేస్త్రి గొణిగాడు.

చెల్లెలు తల అడ్డంగా ఊపింది. "ఇది పనికిరాదండీ. కారణం తెలిసేదాకా ఒక్క స్తంభమూ లేవదు," అని అందరికీ వినబడేలా చెప్పింది.

అక్క నెగ్గింది. అయినా ఇంటికెళ్ళాక కుట్టు మిషన్ మీద చెయ్యి ఆడలేదు. పాలిపోయిన చెల్లెలి ముఖమే కళ్ళముందు మెదిలింది.

కారణం తేలింది. కంకరలో ఇటుక ముక్కలూ సున్నం పెచ్చులూ కలిశాయి. రాళ్ళను అంటుకున్న పాత సిమెంటు నీళ్ళు పీల్చేస్తుంటే, పనివాళ్ళు మరిన్ని నీళ్ళు పోసి కాంక్రీటును పలచన చేశారు. ఈసారి ఏరి, కడిగి, ముందే నానబెట్టి, కొత్త కంకరతో కొలత ప్రకారం కలపాలి.

ఏరే చోటికి అక్క చీర కొంగు దోపుకుని వచ్చింది.

"నువ్వెందుకక్కా?"

"నువ్వు వదిలేసినవి ఏరడానికి. చిన్నప్పుడు బియ్యంలో రాళ్ళు నేనేగా ఏరేదాన్ని!"

రెండోసారి దిమ్మ కావలసినదానికంటే ఎక్కువ బరువే మోసింది. "ఇంకాస్త నొక్కు బాబూ, నాకింకా నమ్మకం కుదరలేదు," అంది అక్క. నవ్వనివాళ్ళు లేరు.

బడి తెరిచిన రోజు తల్లిదండ్రుల తరఫున ఆవిడనే మాట్లాడమన్నారు. చెల్లెలివైపు ఒకసారి చూసి గొంతు సవరించుకుంది.

"దిమ్మ గట్టిదయ్యాక నేను ఒప్పుకున్నానని అందరూ అనుకుంటున్నారు. కాదు. అది పగిలినరోజు మా చెల్లి దాచకుండా చెప్పింది చూడండి, అప్పుడే నా మనసు మెత్తబడింది. పారబోసే ముందు పనికొస్తుందేమో చూద్దాం. వాడే ముందు గట్టిదో కాదో తేల్చుకుందాం. తేలింది ఏదైనా సరే, ఉన్నదున్నట్టు చెబుదాం. పిల్లల కోసం కట్టేవాళ్ళు చెయ్యాల్సింది ఇదేనండీ."