బాపమ్మ కబురు

ప్రాగ్ నగరంల చదువుకునే హర్షిణి ఉండే గది మూడో అంతస్తుల ఉంది. మెట్లెక్కి వచ్చిన తల్లి జమునకు, బాపు కైలాసంకు చెరో గ్లాసు నీళ్ళిచ్చింది.

"దూప లేదు బిడ్డా" అన్నడు కైలాసం. జమున కూడ గ్లాసు పక్కకు పెట్టింది.

కైలాసం బోథ్ ఊర్ల పత్తి వేసే మనిషి. తల్లి ఐలవ్వ పోయి నెల దాటింది. హర్షిణిని పెంచింది ఆమెనే. పరీక్షలు పాడైతయని బిడ్డకు చెప్పలే. ఫోన్ చేసినప్పుడల్లా ముసలమ్మ పండుకున్నదన్నరు. ఇప్పుడు పరీక్షలు అయిపోయినయి, చెప్పాలె. "రెండు దినాలు సంబురంగ ఉండనియ్యి, మర్లిపోయేటప్పుడు చెప్దాం" అని జమున దారి పొడుగూతా అన్నది.

హర్షిణి వాళ్ళను నది మీది పాత రాతి వంతెనకు తోలుకపోయింది.

"ఆరువందల ఏండ్లదట బాపు. మన వాగు మీది కల్వర్టు ఒక్క వానకాలం ఆగలే."

"మన కంట్రాక్టరు గీడికి రాలే గద" అన్నడు కైలాసం.

బిడ్డ పక్కున నవ్వింది. వంతెనకు రెండు దిక్కుల నల్లబడ్డ సాధువుల బొమ్మలు.

"బాపమ్మను సుత తేకపోతిరి. ఒక్క బొమ్మను ఇడువకుండ మొక్కుతుండె."

జమున మొఖం నీళ్ళ దిక్కు తిప్పుకున్నది.

గదికి వచ్చినంక హర్షిణి అన్నం, పప్పు వడ్డించింది. కైలాసం కూసున్నడు గని కంచంల చెయ్యి పెట్టలే. చావు కబురు తెచ్చినోడు అది చెప్పకముందు ఆ ఇంట్ల మంచినీళ్ళు సుత ముట్టడు. ఐలవ్వ చేతుల పెరిగిన పిల్లకు అది ఎవరూ నేర్పే పని లేదు.

హర్షిణి గంటె కింద పెట్టింది. "వచ్చినప్పటిసంది నా ఇంట్ల ఏం ముడ్తలేవు. ఎవలు బాపు?"

"మీ బాపమ్మ."

"ఎప్పుడు?"

"నీ మొదటి పరీక్ష నాడు."

"పండుకున్నదంటిరి గదనే అవ్వా!"

జమున కొంగు నోట్ల కుక్కుకున్నది. కింద రోడ్డు మీద ట్రాం పోయింది.

"నన్ను అడిగిందా?"

"మాట పడిపోయింది బిడ్డా. అడగలే. దినం నాడు పిట్టకు పెడితే కాకి వాలింది గని ముద్ద ముట్టలే. ఎండెక్కింది. అందరు తలా ఒక మాట ఇచ్చి చూసిన్రు. నేనే పోయి హర్షిణికి ఎదురుంగ చెప్త అవ్వా అన్న. అప్పుడు ముట్టింది."

హర్షిణి లేచిపోయి తల మీదికెల్లి చన్నీళ్ళు పోసుకున్నది. నీళ్ళు కారే వెంట్రుకలతోనే వచ్చి, ముద్ద కలిపి, కిటికీ బయటి గోడ మీద పెట్టింది.

"గీడ కాకులుంటయా?" జమున మెల్లగ అడిగింది.

"ఉంటయి." హర్షిణి వెనుకకు తిరగలే. "నేను సుత ఆమెతోని ఒక మాట చెప్పాలె. మీరు ఇనద్దు."

ఇద్దరు బయటికొచ్చి తలుపు దగ్గరికేసి, మెట్ల మీద కూసున్నరు.