బొగ్గుబాయిలో తాళంచెవి

మొదటి షిఫ్టుకు పోయే మొగుడికి టిఫిన్ కట్టడం ఎవాంజెలిన్‌కు కళ్లు మూసుకుని చేసే పని. శాంతిరాజ్ డబ్బా అందుకుని బండెక్కుతూ అన్నాడు.

"సైకిల్ తొక్కాలె అనిపిస్తే గ్రౌండ్ చుట్టు తొక్కు. గందుకే గద ట్రాక్ ఏసిండ్రు."

గోదావరిఖనిలో ఆ ట్రాకు కొత్తది. నీలం రంగు, పక్కన పూలమొక్కలు, ఒకే గేటు. ఎక్కినచోటే దిగాలి. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె అక్కడ గానుగెద్దులా తిరుగుతుంటే ఆయన గట్టు మీద కూర్చుని ఫోటోలు తీస్తాడు. పెళ్లాన్ని సైకిలెక్కనిచ్చే మంచి మొగుడని పేరు ఊరికే వస్తుందా మరి. ఆమె పాఠాలు చెప్పే బడికి పోయే రోడ్డు మీద మాత్రం తొక్కకూడదు. అక్కడా సైకిళ్లకని తెల్లగీత గీశారు గానీ, గీత లోపల బొగ్గు టిప్పర్లు నిలబడి ఉంటాయి. బెల్లంపల్లిలో చిన్నప్పుడు నాయిన సైకిల్‌ను కడ్డీ కిందనుంచి కాలు పెట్టి తొక్కిన పిల్ల ఇప్పుడు నిండేదాకా కదలని ఆటోలో కూర్చుని రోజూ బడిగంట కొట్టేశాక చేరుతోంది. "ఇంకొక్కసారి లేటైతే మీ క్లాసు వేరేవాళ్లకు ఇచ్చేస్త మేడం" అని హెడ్మిస్ట్రెస్ పిల్లల ముందే అంది.

అందుకే పోయినవారం, హాస్టల్‌కు వెళ్లిన కూతురి సైకిల్ తీసింది. టిప్పర్ల పక్కన గుండె దడదడలాడింది, నిజమే. కానీ ఆ రోజు ఆమె ఎవరికోసమూ ఎదురుచూడలేదు. ఆ సంతోషం ఒక్కరోజు ముచ్చటే అయింది. బొగ్గుబాయి దగ్గర ఎవరో శాంతిరాజ్ చెవిన వేశారు. "టిప్పర్ కింద పడితే నన్నంటరు. బిడ్డ తొక్కితె ముద్దుగుంటది, తల్లి తొక్కితె నవ్వుతరు" అన్నాడు. ఆయన భయం టిప్పరుకా, నవ్వుకా అని ఆమె చాలా ఆలోచించింది. టిప్పరుకే అయితే వాటిని తీయించమని అడగాలి కదా. రోడ్డు మీద అవి ఉండొచ్చు, తనే ఉండకూడదు.

గిన్నెలు తోమి, అత్తకు చాయ్ ఇచ్చి, ఇవాళ మళ్లీ సైకిలే తీద్దామని బయటికి వస్తే సైకిల్ వెనక చక్రానికి తాళం పడి ఉంది. గోడ మేకుకు ఉండాల్సిన తాళంచెవి లేదు. "చెవులన్ని ఒక్కకాడుంటె పోవు" అంటూ రెండోదాన్ని ఆయన ఎప్పుడో తన గుత్తిలో వేసుకున్నాడు. ఫోన్ చేద్దామంటే బాయిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. ఫోన్ పైన, చెవులు ఆయన జేబులో, ఆయన భూమి కింద.

"మర్చిపోయి పట్కపోయిండేమో బిడ్డా," అంది వరండాలోంచి అత్త సువార్త. "ఇయ్యాల సెలవు పెట్టు. ఇంట్ల పనేమన్న తక్కువున్నదా?"

"మర్చిపోలేదు అత్తమ్మా."

కొంగు బిగించి, క్యారియర్ పట్టుకుని వెనక చక్రాన్ని గాల్లోకి లేపింది. చేతులు గుంజుతున్నా మూలమలుపులో సైకిళ్లు బాగుచేసే అబ్దుల్ రజాక్ దుకాణం దాకా నెట్టుకుపోయింది.

"తాళం పలగ్గొట్టు కాకా. జల్ది."

"శాంతిరాజ్‌కు ఎరికేనా బేటా?"

"షిఫ్టు దిగినంక ఎరికైతది."

రజాక్ సుత్తి అందుకున్నాడు. పాత తాళం విరగ్గొట్టి, కొత్తది బిగించి, తీగకు గుచ్చిన రెండు చెవులు ఆమె చేతిలో పెట్టాడు.

"ఒకటి మీ ఆయనకియ్యి. నీది పోతె పనికొస్తది."

"పాతదానికి రెండూ ఆయన దగ్గరనే ఉండె కాకా," అంది ఎవాంజెలిన్, రెండింటినీ కొంగున ముడివేసుకుంటూ. "దీనికి రెండూ నా దగ్గరుంటయి."